ఒక్కసారే నొక్కండి

"వదినా, ఆ గంట ఎందుకు పెట్టావో చెప్పు. చెబితే నా దారిన నేను పోతాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చెప్పకపోయినా నీ దారిన నువ్వు పోవచ్చు. ఎవరాపారు?" అంది డిటెక్టివ్.

బల్ల మీద ఉన్నది హోటల్ కౌంటర్ల మీద కనిపించే చిన్న ఇత్తడి గంట. నెత్తిన ఉన్న బొడిపె నొక్కితే టింగుమంటుంది. దాని పక్కన ఆమె స్వయంగా రాసిపెట్టిన చీటీ ఒకటి: 'లోపలికి వచ్చినవారు దయచేసి ఒక్కసారే నొక్కండి.' బల్లకు అవతల ఒకే ఒక కుర్చీ ఉంది. దాని వీపుకు ఇంకో చీటీ అంటించి ఉంది: 'కాలు వదులుగా ఉంది. కూర్చోకండి.'

"వచ్చినవాళ్ళని గంట కొట్టమంటావు, కూర్చోవద్దంటావు. ఇది విచారణా, వేళాకోళమా?"

"నీ విచారణలో అంతా కూర్చున్నారు కదా మరిదీ. ఏం తేలింది?"

ఇన్‌స్పెక్టర్ ఆమెకు స్వయానా మరిది. సెలవురోజున ఆమె ఇంట్లో కడుపునిండా తిని, మర్నాడు ఆమె కేసు లాక్కోవడానికి వచ్చే మనిషి. ఊళ్ళో అందరూ ఆమెను వెనకాల 'కూపీ మేడమ్' అంటారని మొదట ఆమె చెవిన వేసింది కూడా అతనే. ఆ పేరు ఆమెకు లోలోపల నచ్చింది, కానీ ఆ ముక్క మరిదికి మాత్రం చెప్పలేదు.

చూడటానికి కేసు పెద్దదేమీ కాదు. ఒక కంప్యూటర్ తడిసింది, అంతే. కానీ ఆ తడికి ఒక పెద్దాయన జైలుకు పోయేలా ఉన్నాడు.

'తక్కెడ' అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దుకాణాలు, గోదాములు, చిన్న కార్ఖానాలు తమ అమ్మకాలూ సరుకూ దానితో చూసుకుంటాయి. అది ఏ కంపెనీ సొత్తూ కాదు. లోపల ఏం రాసి ఉందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. చాలా ఏళ్ళ కిందట దాన్ని మొదలుపెట్టినావిడను అందరూ పెద్దక్క అంటారు. కొత్త కూర్పు, అంటే కొత్త వెర్షన్, బయటికి వెళ్ళే ముందు, దాన్ని వాడేవాళ్ళే కొందరు ముందుకొచ్చి పరీక్షిస్తారు. పరీక్ష అంటే నాలుగు మీటలు నొక్కి బాగుందనడం కాదు. దాన్ని ఎన్ని రకాలుగా చెడగొట్టవచ్చో చూడటం. చెప్పుల కొట్టాయన అమ్మిన జోళ్ళ సంఖ్య దగ్గర సున్నా వేసి చూస్తాడు. మందుల గోదాం ఆవిడ ఒకే బటన్‌ను పదిసార్లు గబగబా కొట్టి చూస్తుంది. ఇన్నాళ్ళూ వీళ్ళంతా ఎవరి ఊళ్ళో వాళ్ళుండి, మారుపేర్లతో ఒకరికొకరు రాసుకుంటూ ఉండేవాళ్ళు. ఈసారి పెద్దక్క అందరినీ ఒక హాల్లోకి రప్పించింది. మొహాలు చూసుకోవడం ఇదే మొదలు.

పాపం, భవనం యజమానికి ఈ జాతి సంగతి తెలియదు. మొదటిరోజే టీ యంత్రం కక్కుకుంది, బాత్రూంలో కుళాయి చేతికొచ్చింది. ఆయన భయపడి భవనమంతా నోటీసులు అంటించాడు. టీ యంత్రం మీద 'దయచేసి దీన్ని పరీక్షించకండి' అని ఎర్రసిరాతో రాసి ఉంది. ఆ నోటీసు అంటించిన తర్వాతే యంత్రం రెండోసారి చెడిపోయిందని డిటెక్టివ్ వచ్చీరాగానే తెలుసుకుంది. తెలుసుకుని చాలాసేపు నవ్వుకుంది.

నిన్న పొద్దున్న హాలు పక్కనున్న చిన్నగదిలో కంప్యూటర్ మీద ఎవరో నీళ్ళు పోశారు. తూకం యంత్రం కలిపి ఉన్న కంప్యూటర్ అదొక్కటే. సరిగ్గా దాని మీదే, అందరి ముందూ, కొత్త కూర్పులో ఒక పెద్ద తప్పు ఉందని చేసి చూపిస్తానని 'ముల్లు' అనే మారుపేరు గల మనిషి ముందే ప్రకటించి ఉన్నారు. కంప్యూటర్ తడిసింది, ప్రదర్శన ఆగింది. ఇన్‌స్పెక్టర్ వచ్చి పంతులుగారిని పట్టుకున్నాడు. మిగిలిన పరీక్షకులు తలా కాస్త వేసుకుని డిటెక్టివ్‌ను పిలిపించుకున్నారు. ఈ సాయంత్రం అయిదింటికి కొత్త కూర్పు విడుదల. అది ఒకసారి వెళ్ళిందంటే వేల దుకాణాల్లోకి వెళ్ళినట్టే. ఆ అయిదింటికే పంతులుగారిని స్టేషనుకు తీసుకెళతానని ఇన్‌స్పెక్టర్ తేల్చి చెప్పాడు.

"ముందు ఆయన్నే పంపు" అంది డిటెక్టివ్.

పంతులు మారుపేరే కాదు, నిజంగా బడిపంతులు. ఉద్యోగం నుంచి దిగిపోయాక కూతురి బట్టల కొట్లో కూర్చుంటున్నాడు. లోపలికి వచ్చి గంట నొక్కాడు. చీటీ చదివాడు. మళ్ళీ నొక్కాడు. బొటనవేలితో నొక్కి అలాగే పట్టుకుని, అరచెయ్యి కప్పి ఇంకోసారి నొక్కాడు.

"చెయ్యి అడ్డం పెడితే మోగదమ్మా. ఎవరూ వినకుండా నొక్కొచ్చు" అన్నాడు. కుర్చీ చీటీ కూడా చదివి, కుర్చీని ముందుకీ వెనక్కీ ఊపి చూసి కూర్చున్నాడు. "కాలు బాగానే ఉందే."

"బాగానే ఉంది. పెద్దక్కతో గొడవేమిటి పంతులుగారూ?"

"గొడవేం లేదు. విడుదల వారం ఆపమన్నాను. ముల్లు అంతటివారు తప్పుందంటే ఉన్నట్టే. ముల్లు నా మీద కూడా ఎన్నిసార్లు గుచ్చారో. 'ఒంటిచేతి మనిషి ఈ బిల్లు ఎలా కొడతాడు?' అని ఒకసారి అడిగారు. నాకు ఆ రాత్రి నిద్ర లేదు. అంత నిదానం, అంత దయ. అలాంటి మనిషి నిన్న వచ్చి, తప్పేం లేదు, పొరపాటుపడ్డాను అన్నారు. నాకు మింగుడుపడలేదు."

"మీ చొక్కా చెయ్యి తడిసి ఉందట, ఆ సమయానికి."

"కుళాయి అమ్మా. రెండు చేతులకూ సబ్బు ఉంటే మోచేత్తో తిరుగుతుందా అని చూశాను."

గుమ్మంలో నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ పెద్దగా నిట్టూర్చాడు.

"చిన్నగది తాళం?"

"టీ వేళకి నేనే తీశాను. మళ్ళీ వేసి తాళంచెవి పెద్దక్క చేతికే ఇచ్చాను."

"చేతికే?"

"చేతికే. ఇంకో మాట. నేను ఈయనకి నిన్నటి నుంచీ ఒక తప్పు చెబుతున్నాను, రాసుకోవడం లేదు. వెనక సామాన్ల లిఫ్టు ఉంది చూశారా, దాని దీపాలు..."

"మళ్ళీ మొదలెట్టాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వదినా, ఆయన నాకు నిన్నటి నుంచి గడియారం తప్పు, తలుపు తప్పు, నా పెన్ను మూత తప్పు అని చెబుతూనే ఉన్నాడు. ఆ లిఫ్టు మరమ్మతులో ఉందని బోర్డు వేలాడుతోంది. వీళ్ళే పాడుచేసి ఉంటారు."

"లిఫ్టు సంగతి తర్వాత చూద్దాం పంతులుగారూ" అంది డిటెక్టివ్. పెద్దాయన మొహం చిన్నబోయింది. చెప్పిన తప్పును ఎవరూ పట్టించుకోకపోవడం కన్నా పెద్ద అవమానం ఈ మనుషులకు ఇంకొకటి ఉండదని ఆమెకు తర్వాత అర్థమైంది.

ఆమె లేచి చిన్నగదికి వెళ్ళింది. మరిది వెంటే వచ్చాడు. ఒక బల్ల, దాని మీద తడిసిన కంప్యూటర్, పక్కన తూకం యంత్రం. గోడకు స్విచ్చులు. స్విచ్చుల పైన యజమాని అంటించిన నోటీసు: 'యంత్రాలను తాకేముందు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, వైరు చుట్టి పెట్టగలరు.'

స్విచ్ ఆపి ఉంది. ప్లగ్గు తీసి ఉంది. వైరు చక్కగా గుండ్రంగా చుట్టి, చివర దూర్చి బల్ల అంచున పెట్టి ఉంది.

"దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నేను వచ్చేసరికి ఇలాగే ఉంది. ఫోటోలు కూడా ఉన్నాయి. ఆ మాత్రం పని మాకూ వచ్చు వదినా."

"వచ్చు. పని వచ్చు, ఆశ్చర్యపడటం రాదు. పాడుచేయడానికి వచ్చినవాడు వైరు చుట్టి పెడతాడా?"

"షాకు కొడుతుందని భయపడి ఉంటాడు."

"భయపడితే స్విచ్ ఆపుతాడు. మహా అయితే ప్లగ్గు పీకుతాడు. వైరు చుట్టడం భయం కాదు నాయనా, అలవాటు. రాసి ఉన్నది రాసి ఉన్నట్టు చేసే అలవాటు."

"అయితే ఏమిటి? పంతులు చదువుకున్న మనిషి. నోటీసు చదివాడు, చేశాడు."

"చదివి చేశాడంటావు" అంటూ ఆమె హాల్లోకి తొంగిచూసింది. అక్కడ మందుల గోదాం ఆవిడ 'తోయండి' అని రాసి ఉన్న తలుపును లాగి చూస్తోంది.

"నువ్వు కొండను తవ్వుతున్నావు. చివరికి ఎలుకే దొరుకుతుంది" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నీళ్ళ సీసా పంతులుది. తడిసిన చొక్కా పంతులుది. విడుదల ఆపాలన్న పట్టుదల కూడా పంతులుదే."

"ఆపాలనుకున్నవాడు, తప్పు చూపించబోయే కంప్యూటర్‌ని ఎందుకు పాడుచేస్తాడు? ప్రదర్శన జరిగితే విడుదల దానంతటదే ఆగేది కదా."

 "వయసు మీద పడ్డాక మనుషులు లెక్క ప్రకారం చేయరు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ మాట అతనికే అంతగా నచ్చినట్టు లేదు.

తర్వాత వచ్చింది పెద్దక్క. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కాగితాల దొంతర. గంటను మోచేత్తో నొక్కింది. చీటీ మీద కన్ను పడింది. ఫోను అంచుతో మళ్ళీ ఒకసారి తట్టింది.

"అలవాటు. మన్నించండి" అని నవ్వింది. ఆ నవ్వులో అలసట ఉంది. కళ్ళ కింద నిద్రలేని నలుపు ఉంది. ఆవిడను చూడగానే డిటెక్టివ్‌కు జాలేసింది. ఏళ్ళ తరబడి అందరికీ ఉచితంగా పనిచేసి పెట్టిన మనిషి. తిట్లు మాత్రం ఉచితంగా బోలెడు వచ్చి ఉంటాయి.

"ముల్లును మీరు ఇదివరకు చూశారా?"

"ఎవరం చూడలేదు. మాకు పేరు చాలు. ముల్లు ఏం రాశారన్నదే చూస్తాం కానీ ఎలా ఉంటారని ఎప్పుడూ అడగలేదు."

"అంటే నిన్న వచ్చి 'నేనే ముల్లును' అంటే..."

"నమ్మాం. ఎందుకు నమ్మం?"

వీళ్ళు సాఫ్ట్‌వేర్‌లో ఒక్క వరస కూడా చూడకుండా నమ్మరు. అలాంటివాళ్ళు మనిషిని మాత్రం పేరు చెప్పగానే నమ్మేశారు. ఇలాంటి పొరపాటు ఇంకెవరూ చేయరని డిటెక్టివ్‌కు తోచింది.

"వస్తున్నట్టు మీకు రాశారా?"

"అందరికీ రాసిందే. వస్తాను, చేసి చూపిస్తాను అని. ఎప్పుడు వస్తారో, ఎటునుంచి వస్తారో నాకూ రాయలేదు. తనంతట తనే మెట్లెక్కి వచ్చేశారు."

"చిన్నగది తాళం పంతులుగారు మీ చేతికిచ్చానంటున్నారు."

"లేదండీ, బల్ల మీద పెట్టి వెళ్ళారు. ఎవరైనా తీసి ఉండొచ్చు." పెద్దక్క ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "విడుదల మీట నా ఒక్కదాని దగ్గరే ఉంది సర్. అందరూ అయిదు ఎప్పుడవుతుందా అని చూస్తున్నారు. ఇంకా ఏమైనా అడ్డు ఉందా?"

"మీకేం అడ్డు? మీ పని మీరు కానివ్వండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్, వదినకు వినబడేలా.

ఆమె వెళ్ళాక ముల్లు వచ్చాడు. నలభైకి అటూ ఇటూగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, పక్కపాపిడి. లోపలికి వచ్చి చీటీ చదివాడు. బొడిపెను ఒక్కసారి నొక్కాడు. గంట టింగుమంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కుర్చీ చీటీ చదివాడు. నిలబడ్డాడు.

 డిటెక్టివ్ గుండె ఒకసారి గట్టిగా కొట్టుకుంది. వేటలో ఆకు కదిలినప్పుడు కొట్టుకునేలాగే.

"మీరు చాలా గొప్పగా రాస్తారటగా. పంతులుగారికి ఒకసారి నిద్ర లేకుండా చేశారట."

"ఒంటిచేతి మనిషి గురించి. అవును. రాశాను."

"ఎందుకు తోచింది అలా రాయాలని?"

"ఎందుకంటే..." అతను కాస్త ఆగాడు. "అందరికీ అనువుగా ఉండాలి కదండీ."

"తప్పు చూపిస్తానన్నారు. మరి లేదన్నారేం?"

"మళ్ళీ చూసుకున్నాను. నా పొరపాటే."

"కంప్యూటర్ తడిసిందని బాధగా లేదా?"

"పంతులుగారు పెద్దవారు. వదిలేయమని ఇన్‌స్పెక్టర్ గారితో నేనే చెబుదామనుకున్నాను."

"మంచి మనసు. వెళ్ళిరండి. ఆ తలుపు దగ్గరగా వేయండి."

అతను తలుపు దగ్గరగా వేశాడు. చెప్పినంతే, గడియ పెట్టలేదు, బార్లా తెరిచి పెట్టలేదు.

డిటెక్టివ్ గంటను చేతిలోకి తీసుకుంది. "మరిదీ, వచ్చినవాళ్ళు ముగ్గురు. పంతులు దీన్ని నాలుగు రకాలుగా కొట్టాడు. పెద్దక్క రెండు రకాలుగా కొట్టింది. వాళ్ళందరికన్నా మొండి పరీక్షకుడు ముల్లే అని ఊరంతా అంటోంది. ఆ ముల్లు 'ఒక్కసారే నొక్కండి' అంటే ఒక్కసారే నొక్కాడు."

"చెప్పిన మాట విన్నాడు. అది నేరమా?"

"ఈ గుంపులో అదే నేరం. ఇక్కడ నోటీసు అంటే వీళ్ళకు పిలుపు. వద్దన్నారంటే ఎందుకు వద్దన్నారో చూడకుండా ఉండలేరు. 'తోయండి' అంటే లాగుతారు. 'కూర్చోకండి' అంటే ఊపి చూసి కూర్చుంటారు. ఈ భవనం మొత్తం మీద రాసింది రాసినట్టు చేసిన మనిషి ఒక్కడే. వాడే వైరు చుట్టిపెట్టాడు. వాడు ముల్లు కాదు. ముల్లు రాసినవి చదువుకుని వచ్చినవాడు."

ఇన్‌స్పెక్టర్ కుర్చీ చీటీ వైపు చూశాడు. గంట వైపు చూశాడు. అతను మంచి పోలీసే, కాకపోతే వదిన ముందు ఒప్పుకోవడం అతనికి కాస్త కష్టం. ఈసారి ఒప్పుకోవడానికి కూడా ఆగకుండా తలుపు తోసుకుని హాల్లోకి పరుగెత్తాడు. ముల్లు కుర్చీ ఖాళీగా ఉంది. గాలికని కిందికి వెళ్ళాడన్నారు. మెట్ల దగ్గర కానిస్టేబుల్‌ని అడిగితే, సంచీతో వెళ్ళాడని చెప్పాడు.

"దొరుకుతాడు. వాడెక్కడికి పోతాడు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ రొప్పుతూ.

"వాడు దొరికినా దొరక్కపోయినా..." డిటెక్టివ్ గొంతు తగ్గింది. "వాడు ముల్లు కాకపోతే ముల్లు ఎక్కడ? తప్పు చూపిస్తానన్న మనిషి నిన్న పొద్దున్న బయల్దేరే ఉంటారు. ఇక్కడికి చేరలేదంటే దారిలోనే ఎక్కడో ఆపేశారు."

ఆ మాట అంటూండగానే ఆమెకు పంతులు చిన్నబోయిన మొహం గుర్తొచ్చింది. ఆయన హాలు మూలన ఇంకో కానిస్టేబుల్ పక్కన కూర్చుని ఉన్నాడు. ఆమె గబగబా వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"పంతులుగారూ, తప్పు నాది. ఇప్పుడు చెప్పండి. లిఫ్టు దీపాలకేమైంది?"

పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. బడిలో పాఠం మొదలుపెట్టినట్టు నిదానంగా చెప్పాడు. "మొదటిరోజు నేను ఎక్కాను. లోపల ఏ అంతస్తు నొక్కితే, బయట తలుపు నెత్తిన ఆ అంకె దీపం వెలుగుతుంది. సామాను మోసేవాళ్ళకి తెలియాలని పాత ఏర్పాటు. నిన్నటి నుంచి మరమ్మతు బోర్డు పెట్టారు, లిఫ్టు కదలడం లేదు. కానీ దీపాలు వెలుగుతున్నాయి. వైర్ల తప్పనుకున్నాను. కాకపోతే ఆ వెలగడం వింతగా ఉంది. ముందు ఒకటి నుంచి అయిదు దాకా వరసగా. తర్వాత అయిదు నుంచి వెనక్కి. తర్వాత రెండేసి. ఒకటీ రెండూ, ఒకటీ మూడూ, ఒకటీ నాలుగూ... ఒక్క జత కూడా వదలకుండా."

డిటెక్టివ్ లేచి నిలబడింది.

"ఇంకో సంగతి" అన్నాడు పంతులు. "నిన్న గబగబా వెలిగేవి. ఇందాక చూస్తే, ఒక దీపానికీ ఇంకో దీపానికీ మధ్య చాలాసేపు పడుతోంది."

డిటెక్టివ్, ఇన్‌స్పెక్టర్, పంతులు, వెనకే కానిస్టేబుల్ గబగబా మెట్లు దిగారు. వెనక నడవా చివర అట్టపెట్టెల గుట్ట, దాని వెనక ఇనపతలుపు లిఫ్టు. 'మరమ్మతులో ఉంది. తాకవద్దు' అన్న అట్టముక్క వేలాడుతోంది. పక్కగదిలో నీళ్ళ మోటారు చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. తలుపు నెత్తిన అయిదు అంకెలు ఉన్నాయి. అన్నీ చీకటిగా ఉన్నాయి.

వాళ్ళు తలెత్తి చూస్తూ నిలబడ్డారు. ఏమీ వెలగలేదు. ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోయాడు. డిటెక్టివ్ చెయ్యెత్తింది.

మూడు వెలిగింది. చాలాసేపటికి, అది ఆరకముందే, అయిదు వెలిగింది.

"ముల్లు పరీక్షిస్తున్నారు" అన్నాడు పంతులు.

"మోటారు ఆపండి" అని ఇన్‌స్పెక్టర్ గర్జించాడు. మూలనున్న ఇనపకడ్డీ తనే తెచ్చాడు. అట్టముక్కను పీకి పారేసి, తలుపుల మధ్య కడ్డీ దూర్చి భుజం ఆనించి తోశాడు. చొక్కా కుట్లు పిగిలాయి. రెండోసారి తోసేసరికి తలుపు జానెడు జరిగింది, ఆపైన మూరెడు. లిఫ్టు సగం నేలకిందికి దిగిపోయి ఆగి ఉంది. గోడ పక్క నుంచి లిఫ్టును నడిపే వైరునూ, అలారం గంటకు వెళ్ళే వైరునూ ఎవరో తుంచేశారు.

లోపల నేల మీద గోడకు ఆనుకుని ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. పెదవులు ఎండి పగిలాయి. చెయ్యి ఇంకా బటన్ల మీదే ఉంది. అంతమంది 'ముల్లు అంతటివారు' అని గౌరవంగా అన్న మనిషి ఆడమనిషని అక్కడున్న ఎవరికీ ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆమె వెలుతురుకు కళ్ళు చిట్లించి వాళ్ళవైపు చూసింది.

"మూడూ అయిదూ కలిపి నొక్కితే మూడు ఆరడం లేదు" అంది, గొంతు పెగలక. "ఎవరైనా రాసుకోండి."

పంతులు ఏడ్చేశాడు. కన్నీళ్ళు తుడుచుకోకుండానే జేబులోంచి పెన్ను తీసి, అరచేతి మీద రాసుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ లోపలికి దిగి ఆమెను రెండు చేతుల మీదా పైకి అందించాడు. డిటెక్టివ్ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, సీసాతో గుటక గుటకగా నీళ్ళు తాగించింది. అంబులెన్సుకు ఫోన్ వెళ్ళింది. నాలుగు గుటకలు దిగాక ముల్లు తనే మొదలుపెట్టింది.

"కొత్త కూర్పులో తూకం భాగం. పగలంతా బుద్ధిగా ఉంటుంది. దుకాణం మూసే వేళ, ఆ రోజు ఎవరు ఏం కొన్నారో మొత్తం ఎక్కడికో పంపేస్తుంది. కొట్టు మూశాక ఎవరూ చూడరు కదా. నేను చూశాను. విడుదల ఆపాలి."

"ఆపుతాం. మిమ్మల్ని ఇందులో ఎక్కించింది ఎవరు?"

"పక్కపాపిడి మనిషి. చాలా మర్యాదగా మాట్లాడాడు. మీ సంచీ, ఫోనూ నేను మోస్తాను, మీరు లిఫ్టులో రండి, నేను మెట్లెక్కి వస్తాను అన్నాడు. ఇచ్చేశాను. అంతా పరీక్షిస్తాను, మనిషిని మాత్రం పరీక్షించలేదు."

"మీరు ఈ వెనక గుమ్మానికి వస్తున్నట్టు వాడికెలా తెలిసింది?"

"తెలియకేం? రమ్మన్నది వాళ్ళే కదా." ముల్లు ఆశ్చర్యంగా చూసింది. "ముందు గుమ్మం దగ్గర రద్దీగా ఉంటుంది, వెనకవైపు రండి, మా తమ్ముణ్ణి పంపిస్తాను అని పెద్దక్కే రాసింది. వాడు మాట్లాడేతీరు కూడా అచ్చం అక్క రాసేతీరులాగే ఉంది."

ఎటునుంచి వస్తారో నాకూ రాయలేదు అన్న పెద్దక్క మాట డిటెక్టివ్ చెవుల్లో మళ్ళీ వినిపించింది. తాళం చేతికే ఇచ్చాను అన్న పంతులు మాట దాని వెనకే వచ్చింది. ఇందాక తనకు కలిగిన జాలి తలుచుకుంటే ఆమెకు ఒళ్ళు మండింది. విడుదల మీట ఆవిడ ఒక్కదాని దగ్గరే ఉంది.

"మరిదీ, పైకి పరుగెత్తు. ఇంకా అరగంట ఉంది, ఆవిణ్ణి కంప్యూటర్ దగ్గరనుంచి లే..."

ఆమె మాట పూర్తికాలేదు. మోటారు ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో, లిఫ్టు గొట్టంలోంచి పై అంతస్తు శబ్దం తేటగా దిగివచ్చింది. మొదట ఒకరిద్దరు, తర్వాత హాలంతా కలిసి చప్పట్లు కొడుతున్నారు.

ఇన్‌స్పెక్టర్ మొదటి మెట్టు మీదే ఆగిపోయాడు.

"అయిదు దాకా ఆగకుండా మీట నొక్కేసింది. కానివ్వమని నేనే చెప్పాను వదినా" అన్నాడు.

ముల్లు సీసా పక్కన పెట్టి, తలెత్తి పైకి చూసింది.

"ఎందుకా చప్పట్లు?" అని అడిగింది.